బోర్డు తీసేస్తే తాళం వేసినట్టేనా?

గుడివాడ దగ్గరి పల్లె నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. "మా అబ్బాయి సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చినప్పుడు ఇంట్లో ఇంటర్నెట్ పెట్టించి వెళ్ళాడు. ఇరుగుపొరుగు వాళ్ళు అడక్కుండా ఉంటారని వైఫై పేరు ఎవరికీ కనపడకుండా చేశాడట. నా పాత ఫోన్‌లో బాగానే వచ్చేది. ఆ ఫోన్ కాస్తా నీళ్ళ బకెట్లో పడి పాడైంది. కొత్త ఫోన్‌లో వీధిలో వాళ్ళందరి పేర్లూ కనిపిస్తున్నాయి గానీ మా ఇంటిది మాత్రం కనపడదు. కేబుల్ కుర్రాణ్ణి అడిగితే 'మీ అబ్బాయినే అడగండి అమ్మా' అంటాడు. మావాడు రెండు ముక్కలు చెప్పి, 'నీకు అర్థం కాదులేమ్మా' అంటాడు. మనవరాలి ముఖం చూసి మూడు వారాలైంది. ఇది నేర్చుకోవడం నిజంగా నా వల్ల కాదా?"

ఎందుకు కాదండీ! ఏటా ఆవకాయలో ఉప్పు, కారం, ఆవపిండి పాళ్ళు కాగితం చూడకుండా కలిపే చేతులు మనవి. ఇందులో గుర్తుపెట్టుకోవలసింది నాలుగే మెట్లు. ఇదే సంగతి మీద సత్యనారాయణపురం నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. ఆవిడ ఫోన్‌లో 'హిడెన్ నెట్‌వర్క్' అని కనిపిస్తోందట. ఎవరైనా ఇంట్లో దొంగ కెమెరా పెట్టారేమోనని రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదట. ఒకరికి తమ ఇంటిది కనపడని బాధ, ఇంకొకరికి ఎవరిదో కనపడీ కనపడకుండా ఉందన్న బెంగ. ఇద్దరికీ కలిపి ఈ వారం చెప్పుకుందాం.

పేరు దాగుతుంది, మనిషి దాగడు

ఇంట్లో గోడకో, టీవీ పక్కనో చిన్న లైట్లు మిణుకుమిణుకుమంటూ ఉండే పెట్టె ఉంటుంది చూడండి, దాన్ని రౌటర్ అంటారు. అది మామూలుగా సెకనుకు సుమారు పదిసార్లు తన పేరు తానే చెప్పుకుంటూ ఉంటుంది. వీధిలో కూరగాయల బండివాడు 'వంకాయలమ్మా, బెండకాయలూ' అని కేకేస్తూ పోతాడు కదా, అలాగన్నమాట. మీ ఫోన్ ఆ కేకలు విని, వినపడ్డ పేర్లన్నీ వరసగా రాసి చూపిస్తుంది.

పేరు దాచడమంటే బండివాణ్ణి ఇంటికి పంపేయడం కాదు. బండి వీధిలోనే ఉంటుంది, గంట కూడా మోగుతూనే ఉంటుంది. ఏం అమ్ముతున్నాడో నోరు విప్పి చెప్పడు, అంతే. అందుకే కొన్ని ఫోన్లు అలాంటివాటిని అసలు చూపించవు, మరికొన్ని పేరు లేకుండా 'హిడెన్ నెట్‌వర్క్' అని చూపిస్తాయి. అప్పుడు మీరే బండివాణ్ణి పేరు పెట్టి పిలవాలి. సరైన పేరుతో పిలిస్తే పలుకుతాడు.

కలుపుకోవడం ఇలా

మొదటి మెట్టు: ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి వైఫైలోకి వెళ్ళండి. కనిపించే పేర్లన్నీ దాటుకుంటూ అడుక్కి రండి. అక్కడ 'యాడ్ నెట్‌వర్క్' అని ఉంటుంది. తెలుగులో పెట్టుకున్న ఫోన్లలో నెట్‌వర్క్‌ను జోడించమని ఉంటుంది. ఐఫోన్ అయితే 'అదర్' అని ఉంటుంది.

రెండో మెట్టు: పేరు రాయమంటుంది. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఇంగ్లీషులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం దీనికి వేరువేరు. మీ అబ్బాయి 'లక్ష్మీ' అని మొదటి అక్షరం పెద్దది పెట్టి ఉంటే మీరూ అలాగే రాయాలి. మధ్యలో ఖాళీ ఉంటే ఆ ఖాళీ కూడా పేరులో భాగమే. చివర పొరపాటున ఖాళీ పడినా అది ఒప్పుకోదు. కొన్ని ఫోన్లు మొదటి అక్షరాన్ని వాటంతట అవే పెద్దది చేసేస్తాయి, అది కూడా చూసుకోండి.

మూడో మెట్టు: సెక్యూరిటీ ఏమిటని అడుగుతుంది. ఈ రోజుల్లో ఇళ్ళలో ఎక్కువగా ఉండేది డబ్ల్యూపీఏ2. కొత్త పెట్టెల్లో డబ్ల్యూపీఏ3 కూడా ఉంటోంది. అది ఎంచుకుంటే పాస్‌వర్డ్ రాసే గడి వస్తుంది. పాస్‌వర్డ్‌కి కనీసం ఎనిమిది అక్షరాలుంటాయి. రాసేటప్పుడు పక్కనున్న కంటి బొమ్మ నొక్కితే చుక్కల బదులు అక్షరాలు కనపడతాయి.

నాలుగో మెట్టు: ఆండ్రాయిడ్ ఫోన్లలో కింద 'అడ్వాన్స్‌డ్' అనో, 'వ్యూ మోర్' అనో ఉంటుంది. దాన్ని తెరిస్తే 'హిడెన్ నెట్‌వర్క్' అనే ప్రశ్న వస్తుంది. దానికి 'ఎస్' అని చెప్పి సేవ్ చేయండి. చాలామందికి పేరూ పాస్‌వర్డూ సరిగ్గా రాసినా కలవకపోవడానికి కారణం ఈ మెట్టు వదిలేయడమే. ఐఫోన్‌లో ఈ బెడద లేదు.

పేరే తెలియకపోతే?

మీ ఇంటి పేరు తెలుసుకోవడానికి అమెరికా దాకా ఫోన్ చేయనక్కర్లేదు. ఇంట్లో ఇంకో ఫోనో, కంప్యూటరో, స్మార్ట్ టీవీయో అదే వైఫైకి కలిసి ఉందేమో చూడండి. అందులో వైఫై సెట్టింగ్స్ తెరిస్తే పేరు కనపడుతుంది. ఉన్నది ఉన్నట్టుగా, పెద్ద అక్షరాలు చిన్న అక్షరాలతో సహా కాగితం మీద రాసుకోండి.

కలిసి ఉన్నది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే ఇంకా సులువు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి ఈ సదుపాయం ఉంది. వైఫై పేరు మీద నొక్కి 'షేర్' అంటే, వేలిముద్రో పిన్నో అడిగి, గళ్ళ గళ్ళ క్యూఆర్ కోడ్ చూపిస్తుంది. కొత్త ఫోన్ కెమెరాతో దాన్ని చూస్తే చాలు, పేరు రాసే పనే ఉండదు. కిరాణా కొట్లో డబ్బులిచ్చేటప్పుడు చేసే పనే ఇది, మనకి కొత్తేమీ కాదు.

ఏదీ లేకపోతే పెట్టెను వెనక్కి తిప్పి చూడండి. అడుగునో వెనకో చీటీ అంటించి ఉంటుంది. కంపెనీ వాళ్ళు మొదట పెట్టిన పేరు, పాస్‌వర్డ్ సాధారణంగా దాని మీద ఉంటాయి. ఎవరూ మార్చి ఉండకపోతే అవే పనిచేస్తాయి.

ఇక సూది పట్టేంత చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది, 'రీసెట్' అని. అందులో పిన్ను పెట్టి కాసేపు నొక్కితే పెట్టె పుట్టినప్పుడు ఎలా ఉందో అలా అయిపోతుంది. దాచిన పేరు పోయి చీటీ మీది పేరు వచ్చేస్తుంది. కానీ తొందరపడకండి. కేబుల్ వాళ్ళు అందులో పెట్టిన వివరాలు కూడా తుడిచిపెట్టుకుపోయి అసలు ఇంటర్నెట్టే రాకుండా పోవచ్చు. ముందు ఆపరేటర్‌కి ఫోన్ చేసి, వచ్చి మళ్ళీ పెడతాడని తేల్చుకున్నాకే ఆ పని చేయండి.

ఆపరేటర్‌ని అడగడానికి మొహమాటపడకండి. మన రాష్ట్రంలో ఈ తీగ చాలా ఊళ్ళకి కేబుల్ ఆపరేటర్ల చేతి మీదుగానే వచ్చింది. ఏపీ ఫైబర్‌నెట్ కోసం కరెంటు స్తంభాల మీదుగా వేల కిలోమీటర్ల ఫైబర్ లాగారు. 2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామంలో మొదలుపెట్టి, 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా అమరావతిలో లాంఛనంగా ప్రారంభించారు. అప్పట్లో నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోన్, ఇంటర్నెట్ మూడూ ఒకే తీగలో అన్నారు. అలా డెల్టా పల్లెల్లో కూడా వంటింటి గోడ మీదికి ఈ పెట్టె వచ్చి చేరింది. ఏ కంపెనీదైనా సరే, నెలనెలా డబ్బు కడుతున్నది మనం. పేరూ పాస్‌వర్డూ ఇంటి ఇల్లాలికి చెప్పి వెళ్ళడం పెట్టినవాడి బాధ్యత.

కనపడనివన్నీ దాచినవి కావు

ఇంత చేసినా ఫలితం లేకపోతే, అసలు పేరు దాచారో లేదో ఒకసారి ఆలోచించండి. చాలా పెట్టెలు రెండు రకాల తరంగాలు వదులుతాయి. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్. ఇది కాస్త నెమ్మది గానీ దూరం పోతుంది, గోడలు దాటుతుంది. రెండోది 5 గిగాహెర్ట్జ్. దీనికి వేగం ఎక్కువ, గోడ అడ్డొస్తే నీరసించిపోతుంది. పాత ఫోన్లు, తక్కువ ధర ఫోన్లు కొన్నింటికి ఈ రెండోది చూసే శక్తే లేదు. మీ పెట్టె 5 మీదే నడుస్తుంటే ఆ ఫోన్లకి అది ఎప్పటికీ కనపడదు. ఆపరేటర్‌తో చెప్పి 2.4 కూడా తెరిపించుకోవాలి.

వన్ టౌన్‌లో పాతకాలపు మందపాటి గోడల ఇళ్ళున్నవాళ్ళకి ఇంకో తిప్పలు. ముందు గదిలో పెట్టె పెడితే వెనక వంటింట్లోకి రాదు. ఫోన్ పట్టుకుని పెట్టె పక్కకి వెళ్ళి చూడండి. అక్కడ కనపడి ఇక్కడ కనపడకపోతే అది దాచడం కాదు, దూరం. పెట్టెను ఇంటి నడిమధ్యకి, కాస్త ఎత్తులోకి మార్చండి. ఇనప బీరువా వెనక, ఫ్రిజ్ వెనక పెట్టకండి. మైక్రోవేవ్ పొయ్యి పక్కన అసలు వద్దు, అది పనిచేసేటప్పుడు 2.4 తరంగాలకి అడ్డు తగులుతుంది.

ఆ పేరు లేనిది ఎవరిది?

సత్యనారాయణపురం సోదరికి ముందుగా ఒక మాట. ఫోన్‌లో హిడెన్ నెట్‌వర్క్ కనిపించినంత మాత్రాన కెమెరా ఉన్నట్టు కాదు. అపార్ట్‌మెంట్లలో, పక్కపక్కనే ఇళ్ళున్న వీధుల్లో ఇలాంటివి రెండు మూడు ఉండడం మామూలే. పొరుగింటివాళ్ళు పేరు దాచి ఉండొచ్చు. కింద ఉన్న కొట్టువాళ్ళు దాచి ఉండొచ్చు. పెద్ద ఇళ్ళలో రెండు మూడు పెట్టెలు కలిపి పెట్టుకుంటారు. అవి తమలో తాము మాట్లాడుకోవడానికి పేరు లేని నెట్‌వర్క్ ఒకటి వాడుకునే రకాలున్నాయి. మీ ఇంటి పెట్టే అలాంటిదొకటి నడుపుతూ ఉండొచ్చు, మీకు తెలియకుండానే.

అనుమానం తీరకపోతే చిన్న పరీక్ష చేయండి. మీ పెట్టె స్విచ్ తీసేసి రెండు నిమిషాలు ఆగి ఫోన్ చూడండి. పేరు లేనిది మాయమైతే అది మీదే. ఉంటే, ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరగండి. వీధి గోడ వైపు బలంగా, లోపల బలహీనంగా ఉంటే అది బయటిది. ఇంటి లోపలే ఒక మూల బలంగా ఉంటే ఆ మూలన ఉన్న వస్తువులు చూడండి. అద్దె ఇల్లయి, మీకు తెలియని పరికరం ఏదైనా కనపడితే దాన్ని ముట్టుకోకుండా ఫొటో తీసి పోలీసులకి చెప్పండి.

ఎవరిదో తెలియని నెట్‌వర్క్‌కి ఉబలాటం కొద్దీ కలవబోకండి. పక్కవాళ్ళ పాస్‌వర్డ్ చెప్పేస్తామనే యాప్‌లు కొన్ని ఉన్నాయి. అవి పాస్‌వర్డ్ చెప్పేమాట అటుంచి, మీ ఫోన్‌లోని సంగతులన్నీ లాగే ప్రమాదం ఉంది. పిల్లలు అవి వేసుకుంటే తీయించేయండి. చట్టం కూడా ఊరుకోదు. అనుమతి లేకుండా ఒకరి నెట్‌వర్క్‌లో దురుద్దేశంతో దూరితే 2000 నాటి ఐటీ చట్టం కింద మూడేళ్ళ దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా పడవచ్చు.

మరి దాచడం మంచిదేనా?

అసలు ప్రశ్న ఇది. గుడివాడ అబ్బాయి మంచి ఉద్దేశంతోనే చేశాడు. కానీ ఇంటి ముందు నేమ్ బోర్డు తీసేస్తే దొంగ రాకుండా ఉంటాడా? ఇల్లు అక్కడే ఉంటుంది, తలుపూ అక్కడే ఉంటుంది. మీ ఫోన్ ఆ పెట్టెకి కలిసే క్షణంలో పేరు గాలిలోకి బయటికే వస్తుంది. కాస్త తెలిసినవాడు పొంచి ఉంటే వినేస్తాడు. కాబట్టి పేరు దాచడం వల్ల పక్కింటి పిన్నిగారు అడక్కుండా ఉంటారేమో గానీ దొంగ ఆగడు.

ఇంకో చిక్కుంది. పెట్టె తన పేరు చెప్పదు కాబట్టి ఫోనే దాన్ని పేరు పెట్టి పిలవాలి అనుకున్నాం కదా. మీరు ఇంట్లో ఉన్నారో బయట ఉన్నారో దానికేం తెలుసు? బీసెంట్ రోడ్డులో చీరలు చూస్తున్నా, నెహ్రూ బస్టాండులో బందరు బస్సు కోసం నిలబడినా, మధ్యమధ్య ఆ పేరు పెట్టి పిలుస్తూనే ఉంటుంది. ఇంట్లో దాచిన పేరుని మనమే బజారులో చాటుకుంటూ తిరిగినట్టు! ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ హిడెన్ నెట్‌వర్క్ మీట దగ్గరే ఇలా జరుగుతుందని హెచ్చరిక కనపడుతుంది. ఆపిల్ కంపెనీ కూడా పేరు దాచొద్దనే తన సూచనల్లో చెబుతోంది.

అసలు తాళం పాస్‌వర్డే. అది లేకపోతే ఏమవుతుందో 2008లో దేశమంతా చూసింది. ఆ ఏడాది జూలై 26న అహ్మదాబాదు పేలుళ్ళకి కొద్ది నిమిషాల ముందు టీవీ, పత్రికల వాళ్ళకి బెదిరింపు ఈమెయిల్ వచ్చింది. పోలీసులు ఆరా తీస్తే అది నవీ ముంబయిలోని ఒక అమెరికా దేశస్థుడి ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి వెళ్ళినట్టు తేలింది. ఆయన వైఫైకి సరైన తాళం లేదు. బయటివాళ్ళెవరో దాన్ని వాడుకున్నారు. సోదా, విచారణ మాత్రం ఆయన ఇంట్లో జరిగాయి. తర్వాత 2009లో టెలికాం శాఖ వైఫైని భద్రంగా వాడించాలని ఇంటర్నెట్ కంపెనీలకి ఆదేశాలిచ్చింది. మన కనెక్షన్ మీద ఎవరేం చేసినా పోలీసులు ముందు తట్టేది మన తలుపే. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు, తాళం విలువ తెలియడానికి చెబుతున్నాను.

తాళం ఇలా వేయండి

పాస్‌వర్డ్‌గా ఫోన్ నంబరు, పిల్లల పేర్లు, పుట్టినరోజులు వద్దు. ఒకదానికొకటి సంబంధం లేని రెండు మూడు మాటలు, మధ్యలో అంకెలు పెట్టండి. గోంగూర, గొడుగు, గడియారం లాంటి మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాస్తే మనకి గుర్తుంటుంది, ఎదుటివాడికి అందదు. (ఇవే పెట్టుకోకండి సుమా, పత్రిక అందరూ చదువుతారు!)

పెట్టె లోపలి సెట్టింగ్స్ తెరవడానికి వేరే పాస్‌వర్డ్ ఉంటుంది. చాలా ఇళ్ళలో అది 'అడ్మిన్' అని కంపెనీ పెట్టిందే ఉండిపోతుంది. వైఫైకి కలిసిన ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి చీటీ మీద ఉన్న 192.168.1.1 లాంటి అంకెలు కొడితే ఆ పేజీ వస్తుంది. ఆపరేటర్ని పక్కన కూర్చోబెట్టుకుని అది మార్పించండి. పేరు దాచే మీట కూడా అక్కడే ఉంటుంది. 'హైడ్' అన్నచోట టిక్ ఉంటే తీయించేయండి. తర్వాత మీ ఫోన్‌లో పాత నెట్‌వర్క్ మీద 'ఫర్గెట్' నొక్కి కొత్తగా కలుపుకోండి. అప్పుడే ఫోన్ బజారులో పేరు పెట్టి పిలవడం మానుతుంది.

పండక్కి చుట్టాలొస్తారు, మేడ మీద అద్దెకున్నవాళ్ళ అమ్మాయి పరీక్ష ఫలితం చూసుకుంటానంటుంది. కాదనడం మన ఇంటావంటా లేదు. దీనికి 'గెస్ట్ నెట్‌వర్క్' అని చాలా పెట్టెల్లో ఉంటుంది. దానికి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ పెట్టి అది ఇవ్వండి. చుట్టాల్ని హాల్లో కూర్చోబెట్టి బీరువా గది తలుపు వేసుకున్నట్టు ఉంటుంది. పండగయ్యాక దాన్ని ఆపేస్తే సరి. పేరు దాచి మొహం చాటేయడం కంటే ఇది మర్యాద, క్షేమం కూడా.

ఇక రైల్వే స్టేషన్లలాంటి చోట్ల ఉచిత వైఫై పేరు అందరికీ కనపడేలానే ఉంటుంది. విజయవాడ స్టేషన్‌లో 2016లోనే పెట్టారు. అలాంటిచోట పేరు చెప్పి కలుపుకోమని ఎవరైనా వచ్చి చెవిలో చెబితే నమ్మకండి. బయట ఉచితంగా దొరికే వైఫై మీద బ్యాంకు పనులు పెట్టుకోకండి. మోసపోయి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఈ వారం చేయవలసిన పని

గ్యాస్ పుస్తకం, రేషన్ కార్డు, కరెంటు బిల్లులు దాచుకునే చోట చిన్న నోటు పుస్తకం ఒకటి పెట్టండి. అందులో అయిదు సంగతులు రాయండి: వైఫై పేరు, దాని పాస్‌వర్డ్, పెట్టె లోపలి పాస్‌వర్డ్, ఆపరేటర్ ఫోన్ నంబరు, కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో ఆ వివరం. పుస్తకం బీరువాలోనే ఉంచండి, గోడకి అంటించకండి. ఇంట్లో మగవాళ్ళు ఊళ్ళో లేనప్పుడు, పిల్లలు విదేశాల్లో ఉన్నప్పుడు, రాత్రి పది గంటలకి మందుల చీటీ పంపించవలసి వచ్చినప్పుడు ఆ పుస్తకం విలువ తెలుస్తుంది.

ఇంటి తాళంచెవులు ఎన్ని ఏళ్ళుగానో మన కొంగునే ఉన్నాయి. ఇదీ ఒక తాళంచెవే. ఎవరో అర్థం కాదన్నారని దీన్ని ఇంకొకరి చేతిలో వదిలేయకండి.

ప్రయత్నించి, ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో ఉత్తరం రాయండి. కరెంటు పోయినా వైఫై పెట్టె కాసేపు ఆగకుండా ఉండాలంటే ఏం చేయాలో వచ్చే వారం చూద్దాం.